వెనక బ్రేకు సిలిండర్లలో తప్పుడు థ్రెడ్: అమ్మకం వెంటనే ఆపాలని ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,
క్లాసిక్ కార్ల విడిభాగాల విభాగం.

విషయం: 1967 ఎంజీబీ రోడ్‌స్టర్‌కు మీరు పంపిన వెనక వీల్ సిలిండర్ల (పెడల్ తొక్కితే బ్రేకు షూలను డ్రమ్ముకు నొక్కే భాగాల) జత, ఎడమవైపు తలుపు కింది ఔటర్ సిల్ రేకు, పెట్రోలు గొట్టం.

అయ్యా / అమ్మా,

మీ దగ్గర కొన్న మూడు వస్తువుల మీద ఈ ఫిర్యాదు. వాటిలో ఒకటి ప్రాణం మీదికి తెచ్చేది, అందుకే ముందు దాని గురించి రాస్తున్నాం. ఈ ఉత్తరం అందిన రోజే మీ గోదాములో ఉన్న వెనక వీల్ సిలిండర్ల అమ్మకం ఆపండి. డబ్బు వాపసు సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.

మీ కేటలాగులో ఆ సిలిండర్ల పక్కన "ఒరిజినల్ కొలతలే, మార్పులేమీ అక్కర్లేదు" అని ఉంది. ఎంజీబీలో బ్రేకు పైపు 3/16 అంగుళాలది. దాన్ని సిలిండర్‌కు బిగించే, బయటివైపు థ్రెడ్ (మరలు) ఉన్న నట్టు 3/8 అంగుళాల యూఎన్ఎఫ్ (అంగుళాల లెక్కలో సన్న థ్రెడ్), అంగుళానికి 24 థ్రెడ్లు. మీరు పంపిన జతలో ఒక సిలిండర్‌కు పైపు ఎక్కే రంధ్రం సరిగ్గా ఈ థ్రెడ్‌తోనే ఉంది. రెండోదాని రంధ్రం మెట్రిక్: ఎం10 (10 మి.మీ. వ్యాసం), పిచ్ (ఒక థ్రెడ్ నుంచి పక్క థ్రెడ్‌కు దూరం) 1 మి.మీ. రెండూ ఒకే పెట్టెలో, ఒకే పార్ట్ నంబరుతో వచ్చాయి. సిలిండర్ ఒంటి మీద గానీ, పెట్టె మీద గానీ, లోపలి కాగితంలో గానీ ఏది ఏ థ్రెడ్డో చెప్పే గుర్తు ఒక్కటి కూడా లేదు.

కొలత తప్పిన భాగం మామూలుగా అయితే ఎక్కదు. వెనక్కి పంపేస్తాం, నాలుగు రోజులు పోతాయి, అంతే. ఇది ఎక్కుతుంది, ప్రమాదమంతా అక్కడే ఉంది. 3/8 అంగుళాలంటే 9.525 మి.మీ., కాబట్టి ఎం10 రంధ్రంలోకి ఆ నట్టు తేలిగ్గా దిగిపోతుంది. పిచ్‌లు కూడా దగ్గరదగ్గరే, ఒకటి 1.058 మి.మీ., ఇంకొకటి 1 మి.మీ. వేళ్లతో తిప్పితే మొదటి నాలుగైదు చుట్లు ఏ అడ్డూ లేకుండా పోతుంది. ఆ తర్వాత చుట్టుకు 0.058 మి.మీ. చొప్పున పేరుకున్న తేడాతో థ్రెడ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, స్పానర్‌కు బిగువు తగులుతుంది. పైపు చివర ఉన్న ఫ్లేర్ (వెడల్పు చేసిన అంచు) సిలిండర్ లోపలి సీటు మీద కూర్చున్నప్పుడు తగిలే బిగువు కూడా ఇలాగే ఉంటుంది. చేత్తో ఆ తేడా పట్టుకోవడం అనుభవం ఉన్నవాళ్లకు కూడా కష్టం. ఫ్లేర్ సరిగా నొక్కుకోకముందే పని అయిపోయిందనుకుని స్పానర్ పక్కన పెట్టేస్తారు.

పట్టు ఎంత ఉంటుందో లెక్క చూడండి. ఎం10×1 రంధ్రం లోపలి వ్యాసం సుమారు 8.92 మి.మీ. అందులో 9.525 మి.మీ. నట్టు ఒక్కో పక్క 0.3 మి.మీ. మాత్రమే పట్టుకుంటుంది. సరైన జోడీలో ఈ పట్టు 0.55 మి.మీ. దగ్గర ఉంటుంది. ఇది కూడా కాగితం మీది లెక్కే. తయారీ టాలరెన్సులో (కొలతలో ఒప్పుకునే తేడాలో) నట్టు కాస్త సన్నగా, రంధ్రం కాస్త వెడల్పుగా వస్తే పట్టు 0.1 మి.మీ. కన్నా తగ్గిపోవచ్చు. గ్యారేజీలో బ్రేకు పైపుల్లోని గాలి తీసి, పెడల్ తొక్కి చూస్తే అంతా నిలబడినట్టే ఉంటుంది. రోడ్డు మీద ఎవరో అడ్డం వచ్చి బలంగా తొక్కినప్పుడు ఆ థ్రెడ్లు ఊడిపోవచ్చు. 1967 ఎంజీబీకి బ్రేకు సర్క్యూట్ ఒక్కటే. ఒక చక్రం దగ్గర పైపు ఊడితే నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకు పోతుంది, మిగిలేది చేతిబ్రేకు ఒక్కటే.

మీ నాణ్యతా విభాగం ఈ తప్పును నిమిషంలో పట్టుకోవచ్చు. థ్రెడ్ గేజ్ మీద మాత్రం ఆధారపడవద్దు. ఇంత తక్కువ పొడవులో అంగుళానికి 24 థ్రెడ్ల పలకా, 1 మి.మీ. పలకా రెండూ సరిపోయినట్టే కనిపిస్తాయి. మంచి ఎం10×1 బోల్టు ఒకటి తీసుకుని శుభ్రం చేసిన రంధ్రంలో పెట్టి తిప్పండి. సరైన యూఎన్ఎఫ్ రంధ్రమైతే అది మొదలే అవ్వదు. మొదలైతే ఆ సిలిండర్ తప్పుడుది. దీన్నే తిరగేసి కూడా చూడొచ్చు: 3/8 యూఎన్ఎఫ్ నట్టును సగం దాకా ఎక్కించి అటూ ఇటూ కదపండి. సరైన రంధ్రంలో కదలిక చాలా తక్కువ, ఎం10లో స్పష్టంగా ఊగుతుంది. ఇంట్లో ఈ పని చేసుకునే ప్రతివాళ్లూ కొత్త సిలిండర్, కాలిపర్, హోస్ ఏది వచ్చినా కారుకు బిగించకముందే బల్ల మీద ఈ పరీక్ష చేయడం మంచిది. కానీ ఆ బాధ్యత మొదట అమ్మేవాళ్లది.

మీ టెక్నికల్ విభాగం ఈమెయిల్‌లో ఇచ్చిన జవాబు మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది. "థ్రెడ్‌లో పెయింటు ఉండి ఉంటుంది, 3/8 ట్యాప్ వేసి శుభ్రం చేసుకోండి, అవసరమైతే టేపు చుట్టండి" అని రాశారు. పెద్ద రంధ్రంలో చిన్న ట్యాప్ (థ్రెడ్ కోసే పనిముట్టు) తిప్పితే ఉన్న కాస్త పట్టు కూడా కోసుకుపోతుంది. ఇక టేపు. బ్రేకు పైపులో నూనె కారకుండా ఆపేది థ్రెడ్ కాదు, ఫ్లేర్ సీటు మీద నొక్కుకోవడమే. టేపు వల్ల ఒరిగేదేమీ లేదు, పైగా దాని పీలికలు తెగి లోపలికి పోతే సీళ్ల దగ్గర ఇరుక్కుంటాయి. ఈ సలహా పాటించినవాళ్లు ఇప్పటికే రోడ్ల మీద తిరుగుతూ ఉండొచ్చు. ఆ జవాబును మీరు రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవాలి.

మెట్రిక్ థ్రెడ్ ఉండటమే తప్పని మేం అనడం లేదు. మెట్రిక్ అని ముందే చెబితే పైపు కొత్తగా చేసి, ఎం10 నట్టు ఎక్కించి, దానికి తగిన ఫ్లేర్ కొట్టుకోవచ్చు. అది సురక్షితమైన పనే. ఒకే ఇరుసు మీద ఒక పక్క అంగుళాల థ్రెడ్, ఇంకో పక్క మెట్రిక్, ఎక్కడా గుర్తు లేకుండా ఉండటం మాత్రం పదేళ్ల తర్వాత ఆ కారు మీద చెయ్యి వేసేవాళ్లకు పెట్టిన ఉచ్చు.

ఇంకో సంగతి మీరు గమనించాలి. బ్రిటన్‌లో 2018 మే 20 నుంచి, 40 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని కార్లకు ఏటా చేయించే ఎంఓటీ (వాహన భద్రతా) తనిఖీ తప్పనిసరి కాదు. ఎంజీబీలు తయారైంది 1962 నుంచి 1980 దాకా. అంటే మీ సిలిండర్ ఎక్కిన కారును ఇంకో నిపుణుడు చూస్తాడన్న భరోసా లేదు. స్వచ్ఛందంగా ఎంఓటీ చేయించుకోవాలనే మేం అందరికీ చెబుతాం. అయినా ఇలాంటి తప్పును పెట్టెలో పెట్టకముందే ఆపాలి.

పని రెండుసార్లు చేయాల్సి రావడం కూడా చిన్న నష్టం కాదు. సిలిండర్‌ను బ్యాక్ ప్లేటుకు పట్టి ఉంచే సర్‌క్లిప్ ఎక్కించడం ఈ కారులో పేరుమోసిన తలనొప్పి. మళ్లీ డ్రమ్ము తీయాలి, షూలు తీయాలి, గాలి తీయాలి. ఆ సిలిండర్ బిగించాక డాట్ 4 బ్రేకు నూనె కారి షూల లైనింగు తడిసింది కాబట్టి అవి కూడా మార్చాల్సిందే, కడిగితే పోయేది కాదు. ఆ నూనె పడ్డచోట పెయింటు కూడా లేచిపోయింది.

ఇక సిల్ రేకు. రోడ్‌స్టర్‌కు పైకప్పు లేదు, వేరే ఛాసిస్ లేదు. ఔటర్ సిల్, మధ్య పొర, ఇన్నర్ సిల్, కింద క్యాసిల్ రెయిల్ అన్నీ కలిసిన పెట్టెలాంటి కట్టడమే కారు మధ్యలో వంగకుండా ఆపేది. పాత సిల్ కోసే ముందు తలుపు సందులో అడ్డంగా ఇనుప బద్ద వెల్డ్ చేసి, బరువు చక్రాల మీద ఉన్నట్టే స్టాండ్ల మీద నిలబెట్టి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క మొదలుపెడతారు. ఆ పద్ధతిలోనే మీ రేకును వెల్డ్ చేయకుండా క్లాంపులతో పెట్టి, తలుపు వేలాడదీసి చూశాం. రెండు చివరలూ కూర్చోబెడితే తలుపు కింద సందు ముందు 4 మి.మీ., వెనక 8 మి.మీ. వచ్చింది. రేకును చదునైన బల్ల మీద పెడితే మెలి కంటికే కనిపిస్తుంది. "క్లాంపులతో లాగి వెల్డ్ చేస్తే సరిపోతుంది" అని మీ జవాబు. అలా లాగి వెల్డ్ చేస్తే రేకులో ఒత్తిడి ఉండిపోతుంది. స్టాండ్లు, అడ్డ బద్ద తీసేసరికి అది తలుపు సందును లాగేస్తుంది. అప్పుడు తలుపు ఒరుసుకుంటుంది, పెయింటు కూడా అయిపోయి ఉంటుంది.

ఆ రేకు మీది నల్లపూత "ఎలక్ట్రో కోట్" (కరెంటుతో అంటించే గట్టి పూత) అని మీరు రాశారు. సెల్యులోస్ థిన్నర్‌లో గుడ్డ ముంచి రుద్దితే నల్లగా గుడ్డకు అంటుకుపోయింది. నిజమైన ఎలక్ట్రో కోట్ అలా కరగదు. ఇది రవాణాలో తుప్పు పట్టకుండా వేసే తాత్కాలిక పూత. దీని మీద ప్రైమర్ వేస్తే తర్వాత పొరలుగా లేస్తుంది, కాబట్టి మొత్తం గీకేసి ఎపాక్సీ ప్రైమర్‌తో మొదలుపెట్టాలి. మీ మాట నమ్మినవాళ్లు ఆ గీకే పని చేయరు.

పెట్రోలు గొట్టం విషయం చిన్నదే అయినా వదిలేసేది కాదు. దాని మీద ఏ ప్రమాణమూ అచ్చు వేసి లేదు. గ్రేట్ బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఈ10, అంటే అందులో 10 శాతం దాకా ఎథనాల్ ఉండొచ్చు. దానికి తట్టుకునే గొట్టం ఎస్ఏఈ జె30 ఆర్9 రకం, ఆ మాట గొట్టం పొడవునా అచ్చై ఉంటుంది. ఎంజీబీ ఇంజనులో కార్బ్యురేటర్లు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒకే పక్క ఉంటాయి. గొట్టం పగిలితే పెట్రోలు కారేది కాలుతున్న ఇనుము వైపే.

మా డిమాండ్లు ఇవి. మూడు వస్తువుల పూర్తి ధర, వెనక్కి పంపే ఖర్చు, పాడైన షూల ధర తిరిగి ఇవ్వాలి. బ్రిటన్ వినియోగదారుల హక్కుల చట్టం, 2015 ప్రకారం వస్తువు తగిన నాణ్యతతో, చెప్పిన పనికి పనికొచ్చేలా, వర్ణించినట్టే ఉండాలి. ఈ మూడూ అలా లేవు. "బిగించిన భాగాలు వాపసు తీసుకోం" అని మీ రసీదు వెనక అచ్చువేసినంత మాత్రాన ఆ హక్కు పోదు. సరుకు అందిన 30 రోజుల లోపే తిరస్కరిస్తున్నామని మొదటి ఈమెయిల్‌లోనే తెలిపాం. వాపసుకు మీరు ఒప్పుకున్న రోజు నుంచి 14 రోజుల్లోగా డబ్బు చెల్లించాలి.

అంతకన్నా ముఖ్యమైంది రెండోది. ఈ పార్ట్ నంబరు సిలిండర్లు కొన్న ప్రతి ఒక్కరికీ రాతపూర్వకంగా హెచ్చరిక పంపండి, పైన రాసిన బోల్టు పరీక్ష అందులో చేర్చండి, తప్పుడువి మీ ఖర్చుతో వెనక్కి తెప్పించండి. ప్రమాదకరమైన వస్తువు అమ్మినట్టు తెలిశాక ఊరుకునే వీలు సాధారణ ఉత్పత్తుల భద్రతా నిబంధనలు, 2005 మీకు ఇవ్వవు. ఇకనుంచి ప్రతి బ్రేకు భాగం పక్కన థ్రెడ్, ప్రతి రేకు పక్కన మందం, పూత, ప్రతి గొట్టం పక్కన ప్రమాణం కేటలాగులోనే ఉండాలి.

14 రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే ఇవే ఫొటోలతో, కొలతలతో ట్రేడింగ్ స్టాండర్డ్స్ (వినియోగదారుల రక్షణ) అధికారులకు ఫిర్యాదు చేస్తాం. రెండు సిలిండర్లూ విడివిడి సంచుల్లో, థ్రెడ్ రకం రాసిన చీటీలతో మా దగ్గరే భద్రంగా ఉన్నాయి. మీ ఇంజనీరు వచ్చి చూస్తానంటే బల్ల మీదే చూపిస్తాం. విచారణ పూర్తయ్యేదాకా వాటిని వెనక్కి పంపం.

ఇట్లు,
మీ కస్టమర్లు

జతచేసినవి: రసీదు నకలు, రెండు రంధ్రాల్లో ఎం10×1 బోల్టు పరీక్ష ఫొటోలు, తలుపు సందు కొలతలు, మీ టెక్నికల్ విభాగం ఈమెయిల్ నకలు, గొట్టం ముక్క.