ఈ నెలలు మెల్లగానే తొక్కు

కన్నా,

"కొండ దారుల్లో సైకిల్ తొక్కేవాణ్ణి, నాకీ తారు రోడ్డు మీద గంటల తరబడి ఏం పనమ్మా" అని మొన్న ఫోన్‌లో విసుక్కున్నావు. అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ట్రైల్ మీద, అంటే ఆ కొండ మట్టిదారిలో, కాళ్లకు నిలకడగా పని దొరకదు. ఎత్తు వస్తే బలమంతా పెట్టి తొక్కుతావు, దిగుడు వస్తే పెడల్ ఆపేస్తావు. రోడ్డు మీద మూడు గంటలు వెళ్తే దాదాపు మూడు గంటలూ కాళ్లు తిరుగుతూనే ఉంటాయి. అలా తిరిగీ తిరిగీ కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి, సన్నటి రక్తనాళాలు కొత్తగా అల్లుకుంటాయి, కొవ్వును ఇంధనంగా వాడుకోవడం ఒంటికి అలవాటవుతుంది. గ్లైకోజన్, అంటే ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం, సుమారు 400–500 గ్రాములే ఉంటుంది కదా, దాన్ని ఎత్తుల కోసం దాచుకోవాలంటే మిగతా దారిలో కొవ్వు కరగాలి. గంటన్నర రేసులో ఆఖరి ల్యాప్‌కి నీ కాళ్లలో శక్తి మిగలాలంటే ఆ పని సీజన్ మొదలుకాకముందే జరగాలి.

అయితే నువ్వు పంపిన రైడ్ గుండె వేగం గ్రాఫ్ చూశాక ఒక్క మాట గట్టిగా చెప్పాలనిపించింది. నువ్వు చాలా వేగంగా తొక్కుతున్నావురా. ప్రతి చిన్న ఎత్తు దగ్గరా గుండె వేగం పైకి ఎగిరింది. ఎవరైనా దాటి వెళ్తే వెంటపడుతున్నావని ఆ గీత చూస్తేనే తెలుస్తోంది. అలా తొక్కితే అలసట ఎక్కువ, పునాది తక్కువ. గుండె వేగాన్ని దాని గరిష్ఠంలో 75 శాతం దాటనివ్వకు. మీటర్ చూడడం విసుగైతే పక్కనున్న వాళ్లతో మాట్లాడుతూ వెళ్లు. రొప్పకుండా వాక్యం పూర్తిగా చెప్పగలిగితే సరిగ్గా ఉన్నట్టే. ఎత్తు ఇంకా మొదలుకాకముందే గేర్ తగ్గించి, సీటు మీదే కూర్చుని, కాళ్లు నిమిషానికి 85 సార్లు తిరిగేలా చూసుకో. ఎత్తు నిటారుగా ఉండి అది కుదరకపోతే ఆ లెక్క వదిలెయ్, గుండె వేగం మాత్రం వదలకు. వెనకాల వచ్చేవాళ్లు దాటిపోతే పోనీ.

రోడ్డుకీ కొండకీ పొసగదని మాత్రం అనకు. బ్రిటన్ సైక్లిస్ట్ టామ్ పిడ్‌కాక్ టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైక్ స్వర్ణాలు గెలిచాడు, ఆ రెంటి మధ్యే 2022లో టూర్ డి ఫ్రాన్స్ అనే రోడ్డు రేసులో ఆల్ప్ దుయెజ్ కొండ పైన ముగిసే స్టేజ్ (ఒక రోజు పోటీ) కూడా గెలిచాడు.

తిండి సంగతి. ఆకలి వేసేదాకా ఆగకు, అప్పటికే ఆలస్యమైపోతుంది. బయల్దేరిన అరగంట నుంచే కొంచెం కొంచెంగా తింటూ గంటకు 60 గ్రాముల దాకా పిండిపదార్థం పడేలా చూసుకో. ఒక అరటిపండులో పాతిక గ్రాముల పైచిలుకు వస్తుంది. రేసులో తిన్నది కడుపు తట్టుకోవాలన్నా ఇప్పుడే అలవాటు చేయాలి.

మోకాలి ముందు భాగం లాగుతోందన్నావు. సీటు మరీ కిందికి ఉందేమో చూడు. ట్రైల్‌లో దించుకునే అలవాటుతో రోడ్డు మీద కూడా అలాగే వదిలేస్తే గంటల తరబడి ఆ బరువంతా మోకాలి మీదే పడుతుంది. కుదుపులు మింగే సస్పెన్షన్‌ని లాక్ చేసి, టైర్లలో గాలి కొంచెం ఎక్కువ పెట్టు. నొప్పి తగ్గకపోతే ఆగిపో, డాక్టర్‌కి చూపించు. అది మాత్రం నా మాట విను.

వారానికి ఒకరోజు ట్రైల్‌కి తప్పకుండా వెళ్లు, లేకపోతే మలుపుల్లో చేతి పట్టు మొద్దుబారుతుంది. తొక్కే సమయం మూడు వారాలు పెంచుకుంటూ పోయాక నాలుగో వారం తగ్గించు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోకు, పగలైనా వెనక లైటు వేసుకో. లారీలు పక్కనుంచి వెళ్తుంటాయన్న టెన్షన్ నాకెప్పుడూ ఉంటుంది.

ఈ ఆదివారం రైడ్ అయ్యాక గ్రాఫ్ మళ్లీ పంపు. మొదటి గంట, చివరి గంట పక్కపక్కన పెట్టి చూద్దాం. వేగం అంతే ఉండి చివర్లో గుండె వేగం పెద్దగా పెరగకపోతే రైడ్ ఇంకో అరగంట పెంచుదువుగాని.

అమ్మ