ఆ సోమవారం మాకు మంచాలు ఖాళీ చేసి ఇచ్చిన అందరికీ

మా అమ్మ చేతికట్టు నిన్న విప్పారు. ఇన్నాళ్లూ ఆసుపత్రి చుట్టూ తిరగడంతోనే సరిపోయింది, ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి.

కార్తీక సోమవారం కోటిపల్లి రేవులో స్నానాలు చేసి వస్తుంటే మా వీధివాళ్ల వ్యాను కాలవలోకి పల్టీ కొట్టింది. 22 మంది. పక్క చేలో వరి కోస్తున్నవాళ్లు కొడవళ్లు పడేసి పరిగెత్తుకొచ్చి, నీళ్లలోకి దిగి అందర్నీ గట్టుకి చేర్చారు. మీ పేర్లు కూడా అడగలేదు, మీకు దండాలు. 108 వాళ్లకీ అంతే, చిన్న దెబ్బలవాళ్లని దగ్గర్లోని పీహెచ్‌సీకి పంపేసి 14 మందినే పెద్దాసుపత్రికి తెచ్చారు.

అక్కడ సోమవారం ఓపీ లైను గేటు దాకా ఉంది, జ్వరాల వార్డులో మంచానికి ఇద్దరు. గుమ్మం దగ్గర ఒక స్టాఫ్ నర్సు గారు నిలబడి వచ్చినవాళ్ల చేతికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రిబ్బన్లు కడుతున్నారు. చెయ్యి విరిగి కేకలు పెడుతున్న మా అమ్మకి పసుపు కట్టి, ఒంటి మీద గీత కూడా లేకుండా బెంచీ మీద మాట్లాడకుండా కూర్చున్న పక్కింటి కుర్రాడికి ఎరుపు కట్టి లోపలికి తీసుకెళ్లిపోయారు. నేను ఆవిడ మీద అరిచేశాను. "అమ్మగారు అరుస్తున్నారంటే ఊపిరి బాగానే ఆడుతోంది బాబూ, ఆ అబ్బాయి ఒళ్లు చల్లబడిపోతోంది" అన్నారు. వాడికి కడుపులో రక్తం కారిపోతోందట. ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నాడు.

2014లో మామిడికుదురు మండలం నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలినప్పుడు ఆవిడ కొత్తగా ఉద్యోగంలో చేరారట. కాలిన ఒళ్లతో అంతమంది ఒకేసారి వస్తే ఎవరిని ముందు చూడాలో తెలియడం ఎంత ముఖ్యమో ఆ రోజే తెలిసిందన్నారు.

నడవగలిగిన జ్వరం పేషెంట్లు చెప్పగానే లేచి వరండాలోకి వెళ్లిపోయారు, ఒక తాతగారైతే సెలైన్ సీసా తనే పట్టుకుని. ఆ తాతగారిని నేనెప్పటికీ మర్చిపోలేను. రక్తం ఇవ్వడానికొచ్చిన కుర్రాళ్లలో ఇద్దరికి, కిందటిసారి ఇచ్చి 3 నెలలు కాలేదని వద్దంటే, వెళ్లి ఇంకో నలుగుర్ని తీసుకొచ్చారు.

పెద్దలకు ఒక్క విన్నపం. ఆ రోజు స్ట్రెచర్లు చాలక తలుపు రెక్క మీద కూడా మోశాం. గోదావరికి వరదొచ్చి లంకల నుంచి పడవల్లో జనం వచ్చే లోపే స్ట్రెచర్లు ఇప్పించండి, ఆ రిబ్బన్ల పద్ధతి ప్రతి ఆసుపత్రిలో నేర్పించండి.

నర్సు గారూ, ఆ రోజు అరిచినందుకు క్షమించండి. కట్టు విప్పగానే అమ్మ మీ దగ్గరికే తీసుకెళ్లమంది, మీరు నైట్ డ్యూటీ అన్నారు. గురువారం మళ్లీ వస్తాం.