పూలమ్మే ఆమె 112కి ఎందుకు ఫోన్ చేయదు? రొమేనియా హోంమంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

రొమేనియన్‌లో రాసిన ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. తెలుగులో ఎందుకంటే, బుకారెస్టులో ఉండే మావాళ్ళూ, జనం జిప్సీలని పిలిచే రోమా ఆడవాళ్ళ దగ్గరే పూలు కొంటారు. పర్సు గట్టిగా పట్టుకుని మరీ కొంటారు. వాళ్ళూ చదవాలని.

మా మెట్రో స్టేషన్ బయట ఒక రోమా ఆమె పూలమ్ముతుంది. ముప్ఫై దాటి ఉండవు. తులిప్‌లు కట్టేటప్పుడు తన భాషలో లెక్కపెడుతుంది: యేఖ్, దూయ్, త్రిన్, ష్తార్, పాంజ్. మొదటిసారి విన్నప్పుడు మా ఊరి సంతలో లంబాడీ అవ్వలు గుర్తొచ్చారు. రోమాల పూర్వీకులు ఉత్తర భారతం విడిచి వెయ్యేళ్ళయింది, నీళ్ళను ఇప్పటికీ 'పాని' అనే అంటారు.

మీ దేశంలో పూలు బేసి సంఖ్యలోనే ఇవ్వాలి, సరిసంఖ్య చావుకి. ఆమెకి ఇది నేను చెప్పాలా! అయినా మొన్న ఫిబ్రవరిలో నాకు నాలుగే కట్టి ఇచ్చింది. తలెత్తి చూస్తే ఎడమ కన్ను వాచి మూసుకుపోయి ఉంది. ఎవరు కొట్టారని అడగక్కర్లేదు. 112కి చేయొచ్చు కదా అన్నాను. "పోలీసులొస్తే అతనొక్కడి కోసం రారు మేడం, వీధి మొత్తం కోసం వస్తారు" అంది.

ఆమెది ఉత్త భయం కాదు. 2011 డిసెంబరులో వల్చెలె అనే ఊళ్ళో రోమా ఇళ్ళమీద 85 మంది పోలీసులు, జెండార్మ్‌లు (సైన్యం తరహా పోలీసు బలగం) తెల్లవారుజామున దాడి చేశారు. రోమా అయితే చాలు నేరస్థులే అన్న లెక్కన అధికారులు నడుచుకున్నారని, అది వివక్షేనని 2019లో స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టు తేల్చింది. అంతకు రెండేళ్ళ ముందు అదే కోర్టు, మొగుడి చేతిలో పదేపదే దెబ్బలు తిన్న ఒక మహిళ కేసులో మీ వ్యవస్థను తప్పుపట్టింది. ఆమే రెచ్చగొట్టిందని ఇక్కడి అధికారులు అన్నారట.

మీ చట్టం మాత్రం మంచిది. 2018 సవరణ తర్వాత పోలీసే అక్కడికక్కడ 5 రోజుల రక్షణ ఉత్తర్వు రాసి కొట్టినవాణ్ణి ఇంట్లోంచి పంపేయొచ్చు. మా దేశంలో 2005 చట్టం కింద ఉత్తర్వు కావాలంటే మేజిస్ట్రేటు దాకా పోవాలి. కానీ మీ దగ్గర తలుపు తట్టేది ఆ యూనిఫాం. చిక్కంతా అక్కడే.

2002లో మీ ఆరోగ్యశాఖ మొదలుపెట్టిన రోమా హెల్త్ మీడియేటర్లు ఉన్నారు, రోమా ఇళ్ళకీ వైద్యులకీ మధ్య వారధిగా. ఎక్కువమంది రోమా ఆడవాళ్ళే. మా ఆశా కార్యకర్తల్లాగా ఎవరింట్లో ఎవరు నిండు నెలలతో ఉన్నారో, ఏ బిడ్డకి టీకా బాకీ ఉందో వాళ్ళకి తెలుసు. ఏ ఇంట్లో రాత్రి అరుపులు వినిపిస్తాయో కూడా తెలుసు. మొదటి కబురు వాళ్ళ ద్వారా అందేలా, వాళ్ళ వెంట మహిళా పోలీసు మఫ్టీలో వెళ్ళేలా ఏర్పాటు చేయండి. ఆ పనికి శిక్షణ, జీతం రెండూ ఇవ్వండి, ఊరికే నెత్తిన రుద్దకండి. గుర్తింపు కార్డు లేదనో, పిల్లలు నలుగురున్నారనో ఏ ఆశ్రయ కేంద్రమూ తిప్పి పంపకూడదు. ఫిర్యాదు చేసిందన్న కారణంతో పిల్లల్ని ప్రభుత్వ హోముకి తీసుకెళ్ళరని రాతపూర్వకంగా చెప్పండి. కన్ను వాచినా ఆమె నోరు మెదపనిది ఈ భయంతో కూడా.

"అది వాళ్ళ సంప్రదాయం, మనమేం చేస్తాం" అని ఇక్కడ చదువుకున్నవాళ్ళు కూడా అంటుంటే విన్నాను. మా వైపూ ఇంతే లెండి. తండాలో కొడితే "వాళ్ళల్లో మామూలే" అంటారు, మా ఇళ్ళల్లో కొడితే "ఇంటి గుట్టు" అంటారు.

మార్చి 8న ఈ ఊళ్ళో ప్రతి ఆఫీసులో ఆడవాళ్ళకి పూలిస్తారు. ఏడాదిలో ఆమెకి పెద్ద బేరం ఆ రోజే. మీవాళ్ళెవరైనా యూనిఫాం లేకుండా వస్తానంటే ముందు ఆమెని అడిగి, సరేనంటే చోటు చూపిస్తాను. ఈ లేఖలో పేరు రాయలేదు. రాయొద్దని రెండుసార్లు చెప్పింది.

ఇట్లు,
బుకారెస్టులో ఉంటున్న ఒక తెలుగు ఆడపడుచు