తృప్తి పడమని ఎవరికి చెబుతున్నాం?

ఎడిటర్ గారికి నమస్తే.

తృప్తి గురించి మీ పత్రికలో ఈ మధ్య వచ్చిన వ్యాసం చదివాను. మనసును అదుపులో పెట్టుకుంటే ఎవరైనా జీవితంలో పూర్తి తృప్తితో ఉండొచ్చని, కోరికలే దుఃఖానికి మూలమని దాని సారాంశం. రాసినవారు మంచి ఉద్దేశంతోనే రాశారు, కాదనను. కానీ నాకు ఆ మాట మింగుడు పడలేదు. పూర్తి తృప్తి ఏ మనిషికీ రాదు, రాకపోతే కొంప మునిగేదీ లేదు అని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో చెప్పాలనే ఈ ఉత్తరం.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో, అంటే రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణంలో, గుమాస్తాను. మిర్చి సీజన్‌లో పొద్దున జెండా పాట (ఆ రోజు ధర తేల్చే మొదటి వేలం) అయిన దగ్గర నుంచి కాంటాలు, తక్‌పట్టీలు (తూకం, ధర, రైతుకు వచ్చే డబ్బు రాసిచ్చే చీటీలు), లెక్కలు, సాయంత్రం దాకా రైతుల మొహాలే చూస్తుంటాను. మంచి ధర పలికిన రైతు మొహం వెలిగిపోతుంది, దుకాణంలో అందరికీ చాయ్ చెబుతాడు, ఇంటికి ఫోన్ చేస్తాడు, అంతలో వాళ్ల ఊరివాళ్ల సరుకే పక్క దుకాణంలో క్వింటాకు రెండు వందలు ఎక్కువ పోయిందని తెలుస్తుంది, అంతే, ఆ చాయ్ కూడా పూర్తిగా తాగడు. ఆయన చేతికి వచ్చే డబ్బులో రూపాయి తగ్గలేదు, అయినా నారాజే. ఇది ఒక రకం.

ఇంకో రకం ఉంది. నల్ల తామర పురుగు పడిన 2021-22 సీజన్ మన వైపు అందరికీ గుర్తుంటుంది, వరంగల్, మహబూబాబాద్ దిక్కు చేన్లకు చేన్లే పోయాయి, పూతలోనే పురుగు చేరి కాయ నిలబడలేదు. ఆ ఏడాది మా దుకాణం ముందు నాలుగు బస్తాలు దించిన రైతు, మందులకు తెచ్చిన అప్పు, దాని మిత్తి, కౌలు అన్నీ లెక్క చూసుకుని తక్‌పట్టీ పట్టుకుని అట్లనే నిలబడ్డాడు. ఆయన కోరింది పెట్టుబడి తిరిగి రావడం ఒక్కటే. ఆయనకు పోయి ‘ఉన్నదాంతో తృప్తి పడు’ అని చెప్పడానికి నాకు నోరు రాదు. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టి కోరికలు తగ్గించుకోమనడం అన్యాయం అండీ.

మా నాయన అజంజాహీ మిల్లులో నేత పని చేశాడు. 1934లో మొదలైన ఆ మిల్లు 1990లో మూతపడింది. మిల్లు నడిచిన రోజుల్లో మాకు పెద్దగా ఏమీ లేదు, ఇల్లు కిరాయిది, పండుగకే కొత్త బట్టలు, అయినా షిఫ్ట్ దిగి వచ్చి వాకిట్లో సైకిల్ స్టాండ్ వేసేటప్పుడు ఆయనలో ఒక ధీమా కనిపించేది. మూతపడ్డాక కూడా అదే ఇల్లు, అదే పెళ్లాం పిల్లలు, ఆ ధీమా మాత్రం మళ్లీ చూడలేదు. తృప్తి అంతా మనసులోనే ఉండేదైతే, ఒక్కసారిగా ఆయన మనసుకు ఏమైనట్టు?

మేడారం సమ్మక్క సారలమ్మ జాతర సంగతే చూడండి. రెండేళ్లకోసారి లక్షల మంది పోతారు, నిలువెత్తు బంగారం, అంటే తమ బరువంత బెల్లం, తూకం వేయించి గద్దెల దగ్గర సమర్పిస్తారు. కొడుక్కు ఉద్యోగం వచ్చిందని పాత మొక్కు చెల్లించడానికి వచ్చిన తల్లి, అక్కడే, ఆ గద్దె ముందే, వాడికి మంచి సంబంధం కుదరాలని కొత్త మొక్కు మొక్కుకుంటుంది. మా ఇంట్లోనూ అంతే. దీన్ని అత్యాశ అనడానికి నాకు మనసొప్పదు. తల్లి కోరుకోకుండా ఎట్లా ఉంటుంది? కళ్లనీళ్లతో మొక్కు తీర్చుకున్న ఆ పూట ఆమెకు కలిగిన తృప్తి నిజమే, ఇంటికి వచ్చాక మొదలయ్యే బెంగ కూడా నిజమే.

చదువుకున్నవాళ్లు అమెరికా లాటరీ పరిశోధన గురించి చెబుతుంటారు. 1978లో అచ్చయింది. లాటరీ తగిలిన 22 మందిని, మామూలు వాళ్లను, ప్రమాదంలో కాళ్లో చేతులో పడిపోయిన 29 మందిని పోల్చి చూశారు. లాటరీ వాళ్లు మామూలు వాళ్లకంటే పెద్ద సంతోషంగా ఏమీ లేరు, పైగా టిఫిన్ తినడం, దోస్తుతో మాట్లాడటం లాంటి చిన్న చిన్న వాటిలో ఆనందం వాళ్లకు తక్కువగా ఉంది. చూశారా డబ్బుతో సుఖం లేదు అని ఇక్కడితో ఆపేస్తారు. అదే పరిశోధనలో, దెబ్బతిన్నవాళ్లు మనం అనుకునేంతగా కుంగిపోకపోయినా మామూలు వాళ్లకంటే తక్కువ సంతోషంగా ఉన్నారని కూడా ఉంది. ఆ సగం కూడా చెప్పాలి కదా.

ప్రపంచ సంతోష నివేదికలో 2018 నుంచి 2025 దాకా వరుసగా ఫిన్లాండే మొదటిది. 0 నుంచి 10 దాకా మెట్లున్న నిచ్చెన మీద మీ జీవితం ఎక్కడుందో చెప్పమని జనాన్ని అడుగుతారు. 2025లో ఫిన్లాండ్ సగటు 7.7, మనది 4.4, 147 దేశాల్లో 118వ స్థానం. అందరికంటే ముందున్న దేశంలో కూడా సగటు మనిషికి పైన రెండు మెట్లు మిగిలే ఉన్నాయి, ఉండనివ్వండి, వాటితో ఎవరికీ నష్టం లేదు. కానీ మనకూ వాళ్లకూ మధ్య ఉన్న మూడు మెట్లు? ఆదాయం, ఆరోగ్యంగా బతికే ఏళ్లు, కష్టంలో ఆదుకునే మనిషి, అవినీతి లేకపోవడం, ఇట్లాంటివే ఆ తేడాకు కారణాలుగా ఆ నివేదిక చూస్తుంది. ఇవి కళ్లు మూసుకుని కూర్చుంటే వచ్చేవి కావు.

తృప్తి పాఠం ఎవరికైనా చెప్పాలనుకుంటే, ఇంటర్ ఫలితాల రోజు వెయ్యికి 970 తెచ్చుకున్న బిడ్డను పట్టుకుని పక్కింటి పిల్లకు 981 వచ్చాయని ఏడిపించే తల్లిదండ్రులకు చెప్పండి. హన్మకొండలో ఈ జబ్బు ఇంటింటికీ ఉంది. ఆ పిల్ల రేపు ఎంత పెద్ద ఉద్యోగం చేసినా ఆ పదకొండు మార్కులు మరిచిపోదు.

నా మట్టుకు నేను జీవితం మొత్తం మీద తృప్తి ఉందా అని లెక్క చూసుకోవడం మానేశాను. సాయంత్రానికి లెక్క పైసాతో సహా సరిపోయి, రైతుకు రావాల్సింది రైతు చేతిలో పెట్టి పంపిన రోజు అన్నం రుచిగా ఉంటుంది, తెల్లారితే బిడ్డ ఫీజు టెన్షన్ మామూలే. ఆ టెన్షన్ ఉందని రాత్రి తిన్న అన్నం చేదైపోదు.

ఈ విషయం మీద మళ్లీ రాయించేటప్పుడు ఒక్కసారి మీ విలేకరిని యార్డుకు పంపించండి. మార్చిలో అయితే మంచిది, సరుకు ఎక్కువగా వస్తుంది, రాత్రి బస్తాల మీదే పడుకునే రైతులు ఉంటారు. వాళ్లను కూడా అడిగి రాయమనండి.

— ఒక పాఠకుడు, వరంగల్