సంచి అదే, మర మారింది: చపాతీ పిండిపై ఫిర్యాదు

ఆటా అమ్మకాల విభాగం మేనేజర్ గారికి,

విషయం: 50 పౌండ్ల ఆటా బస్తాలు, మర మార్చాక వచ్చిన తేడా

అయ్యా,

గత మూడు లాట్ల నుంచి మీ బస్తాల మీద మర కోడు మారింది. సంచి అదే, పరీక్ష పత్రంలో ప్రొటీన్ 12 శాతమూ అదే. పిండి మాత్రం అది కాదు. ఫోన్లో అడిగితే "కాన్సాస్‌లో చిన్న మర మూసేశారు, పెద్ద మరలో ఆడిస్తున్నాం, పరిశ్రమే అలా మారింది" అన్నారు. ఆ జవాబుతో సరిపెట్టుకోలేం.

మునుపు 100 కిలోల పిండికి 68 లీటర్ల నీళ్లు పట్టేవి. ఇప్పుడు అన్నీ పోస్తే ముద్ద జారిపోయి ప్రెస్ పలకలకు అంటుకుంటోంది. 63 లీటర్లకు తగ్గిస్తే గానీ యంత్రం నడవడం లేదు. నీళ్లు తగ్గేసరికి చపాతీ సరిగా పొంగదు, ప్యాకెట్లో రెండో రోజుకే అంచులు విరుగుతాయి. 42 గ్రాముల ఉండలు 4000 రావాల్సిన చోట 3880 వస్తున్నాయి. షాపుల నుంచి తిరిగొచ్చే ప్యాకెట్ల లెక్క వేరు.

దీనికి కారణం ప్రొటీన్ కాదు, నలిగిన స్టార్చ్ (గింజలోని పిండిపదార్థం) తగ్గడం. స్టార్చ్ రేణువు చెక్కుచెదరకుండా ఉంటే తన బరువులో సగం నీళ్లు కూడా పట్టదు. నలిగితే రెండింతల దాకా పీలుస్తుంది. రాళ్ల మధ్య గింజ బాగా నలుగుతుంది కాబట్టే మన ఊళ్లలో మర పట్టించిన పిండి అన్ని నీళ్లు తాగుతుంది. రోలర్ మరలోనూ నునుపు రోలర్లను దగ్గరగా బిగిస్తే ఆ గుణం చాలావరకు వస్తుంది. కాకపోతే కరెంటు ఎక్కువ లాగుతుంది, రోలర్లు వేడెక్కుతాయి, గంటకు దిగే పిండి తగ్గుతుంది. బ్రెడ్డు పిండికి అమర్చుకున్న మర, ఒప్పందంలో రాస్తే తప్ప, ఆ పనికి ఎందుకు దిగుతుంది?

తవుడు సంగతీ అంతే. వేరు చేసిన తవుడును మెత్తగా ఆడి మళ్లీ కలపాలి. మీ పిండి జల్లిస్తే రేకులు రేకులుగా మిగులుతోంది. పల్చగా ఒత్తినప్పుడు చపాతీ చిరిగేది ఆ రేకుల దగ్గరే.

పరిశ్రమ మారిన మాట నిజమే. గోధుమలు 110 వ్యాగన్ల రైళ్లలో చవగ్గా కదులుతాయి, పిండి అలా కదలదు. అందుకే పెద్ద మరలు పొలాలు వదిలి నగరాల దగ్గరకు చేరాయి. 2014లో కాన్ఆగ్రా, కార్గిల్, సీహెచ్ఎస్ సంస్థలు కలిసి ఆర్డెంట్ మిల్స్ అనే పిండి మరల కంపెనీ పెట్టినప్పుడు ఓక్లండ్, లాస్ ఏంజెలెస్, సాగినా, న్యూ ప్రేగ్‌లలోని నాలుగు మరలు అమ్మితేనే అమెరికా న్యాయశాఖ ఒప్పుకుంది. పిండిని దూరం నుంచి తెప్పిస్తే గిట్టదు కనుక పోటీని ప్రాంతాల వారీగా చూశారు. మీరు రెండో మరను చేతిలో ఉంచుకోకుండా ఉన్న ఒక్కదాని మీదే ఆధారపడ్డారు, అది మీ నిర్ణయమే.

రోజుకు 900 టన్నులు ఆడే మరకు మీ 20 టన్నుల ట్రక్కు అరగంట పని. అరగంట కోసం ఎవరూ రోలర్లు సర్దరు. రెండు వారాల ఆర్డర్లు కలిపి ఒకేసారి ఆడించుకోండి. అంతకు మించి కలపకండి. అంకురం నూనె ఉన్న పిండి ఎండాకాలంలో ఎక్కువ రోజులు నిలవుంటే పాత నూనె వాసన పట్టేస్తుంది.

మేం అడిగేవి: పరీక్ష పత్రంలో నలిగిన స్టార్చ్, నీటి పట్టు, తవుడు జల్లెడ కొలత చేర్చండి. మర మార్చే ముందు 30 రోజుల నోటీసుతో పాటు 25 కిలోల నమూనా పంపండి. వాడకుండా మిగిలిన 180 బస్తాలు వెనక్కి తీసుకుని, వాడిన వాటికి తగ్గిన దిగుబడి మేరకు ధర సర్దండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. అందాకా నాలుగో లాటు మా గోదాములో దించుకోం.

ఇట్లు,
కొనుగోళ్లు, నాణ్యత విభాగం
చపాతీ తయారీ యూనిట్, డల్లాస్