ఆరుబయట మోషన్ సెన్సర్లు బిగించుకునే వారికి

కాలనీ సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లే ముందు విజయనగరంలోని మన ఇళ్లకు మోషన్ సెన్సర్లు పెట్టించుకుంటున్నవారు ఒక విషయం తప్పక గమనించాలని కోరుతున్నాను. వీటిలో ఎక్కువగా వాడే పీఐఆర్ (వేడి కిరణాలను పసిగట్టే) సెన్సరు మనిషిని చూడదు. శరీరపు వేడికీ పరిసరాల వేడికీ ఉన్న తేడాను మనిషి కదిలినప్పుడు పసిగడుతుంది కనుక, వచ్చేవారు దానికి ఎదురుగా కాక అడ్డంగా నడిచేలా, సుమారు 2 నుంచి 2.5 మీటర్ల ఎత్తున బిగించాలి. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 37 డిగ్రీలకు దగ్గరైతే ఆ తేడా తగ్గి సెన్సరు మందగిస్తుంది. కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోకుండా కెమెరాను కూడా జతచేయడం మంచిదని నా అభిప్రాయం. ఎండ నేరుగా పడేచోట, గాలికి ఊగే కొమ్మల వైపు పెడితే అలారం ఊరికే మోగుతుంది. తుపాను రోజుల్లో కరెంటు పోతే వైఫై రౌటరు ఆగిపోయి ఫోనుకు హెచ్చరిక రాదు కనుక, దానికి చిన్న యూపీఎస్ తప్పనిసరిగా పెట్టించండి.