అల్లరి వేరు, ధ్యాస నిలవకపోవడం వేరు

తల్లిదండ్రులకు నమస్కారం.

మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒకటో తరగతి వాళ్ల దగ్గర ఎక్కువగా విన్న మాట ఇది: "సార్, మావాడు ఒక్కచోట కుదురుగా కూర్చోడు. పెద్ద క్లాసుల్లో ఏమైపోతాడో!" ఒక తల్లయితే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వాళ్లబ్బాయి మాత్రం వరండాలో ఆమె చెప్పునే బస్సు చేసి నడుపుకుంటున్నాడు.

అల్లరికి అంత టెన్షన్ అక్కర్లేదు. అమెరికా పరిశోధకుడు గ్రెగ్ డంకన్ బృందం 2007లో ఒక పరిశోధన ప్రచురించింది. అమెరికా, బ్రిటన్, కెనడాల్లో పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన 6 అధ్యయనాలను కలిపి చూశారు. బడిలో చేరేనాటి అల్లరికీ తర్వాతి చదువుకూ పెద్ద సంబంధం కనిపించలేదు. అన్నిటికంటే ఎక్కువ సంబంధం కనిపించింది చిన్నప్పటి లెక్కలకు. దాని తర్వాత చదవడం, ఆపైన ధ్యాస. కాబట్టి బియ్యం కొలిచేటప్పుడు ఎన్ని గ్లాసులో వాడినే లెక్కపెట్టమనండి. పక్కవాణ్ణి తోసే పిల్లాడి కంటే, కిటికీలోంచి చూస్తూ ఉండిపోయే పాప గురించే నాకు బెంగ. ఆ పాప మీద ఎవరూ కంప్లయింట్ చేయరు మరి.

నా తప్పొకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం డిక్టేషన్‌లో సగం పదాలు వదిలేసే పిల్లాడి డైరీలో "శ్రద్ధ లేదు" అని ఎర్ర ఇంకుతో మూడుసార్లు రాశాను. తీరా చూస్తే ఎడమ చెవిలో చీము. ఆ వైపు నిలబడి చెప్పిన పదాలే వాడికి అందలేదు.

వయసు కూడా చూడాలి. సెప్టెంబర్ 1 నాటికి అయిదేళ్లు నిండితేనే బడిలో చేర్చుకునే అమెరికా రాష్ట్రాల్లో, సెప్టెంబర్‌లో పుట్టినవాళ్ల కంటే ఆగస్టులో పుట్టినవాళ్లకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతిగా కదలడం ఉండే సమస్య) అని తేల్చడం 34 శాతం ఎక్కువని 2018లో ఒక అధ్యయనం చూపింది. తరగతిలో అందరికంటే చిన్నవాళ్లు వీళ్లే. సీటు కోసం తొందరపడి చేర్పించేవాళ్లు మన దగ్గరా తక్కువేం కాదు.

అలాగని నిజంగా ఇబ్బంది ఉన్నవాణ్ణి "పెద్దయితే వాడే సర్దుకుంటాడు" అని వదిలేయకూడదు. బడిలోనూ ఇంట్లోనూ నెలల తరబడి ఒకేలా ఉంటే డాక్టరుకు చూపించాలి. ప్రభుత్వ బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందాలు ఉచితంగానే పరీక్షిస్తాయి. హోంవర్క్‌కి ఎన్ని నిమిషాలు కూర్చుంటున్నాడో, ఎప్పుడు లేచిపోతున్నాడో ఒక వారం రాసి పంపండి. "అస్సలు వినడు" అన్న మాట కంటే ఆ కాగితమే డాక్టరుకు పనికొస్తుంది.

వచ్చే శనివారం ఒకటి, రెండు తరగతులకు కళ్లు, చెవుల పరీక్ష ఉంది. కళ్లజోడు ఉన్నవాళ్లు పెట్టుకునే రావాలి. పోయినసారి నలుగురు బ్యాగు అడుగున దాచేశారు.

మీ
ప్రధానోపాధ్యాయుడు